ఒప్పందాల మాటున సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ

దేశాల మధ్య కుదిరే వాణిజ్య ఒప్పందాలలో బియ్యం, బట్టలు, ఉక్కు మాత్రమే కాదు, కంప్యూటరును నడిపించే రాతలు కూడా ఉంటాయి. ఆ రాతలను చదివే హక్కు ఎవరిదన్న వివాదం బంగాళాఖాతంలోని దీవుల దాకా వ్యాపించింది.

2004 డిసెంబరు 26, ఆదివారం. సుమత్రా తీరాన సముద్రగర్భంలో పుట్టిన భూకంపం కొద్ది గంటలలోనే హిందూ మహాసముద్రపు తీరాలన్నిటినీ అతలాకుతలం చేసింది. అండమాన్ నికోబార్ దీవులలో, తమిళనాడులో, ఆంధ్ర తీరంలో, శ్రీలంకలో ఊళ్ళకు ఊళ్ళే నీటి పాలైనాయి. తప్పిపోయిన వారెవరు, ఏ శిబిరంలో ఎవరున్నారు, ఏ సంస్థ ఏ గ్రామానికి బియ్యం పంపింది, ఏ గ్రామానికి ఎవరూ ఏమీ పంపలేదు – ఈ లెక్కలు తేల్చగల సాధనం అప్పుడు ఏ ప్రభుత్వం చేతిలోనూ సిద్ధంగా లేదు.

కొలంబోలోని కొందరు కంప్యూటరు నిపుణులు జీతభత్యాల మాట తలపెట్టక, రాత్రింబవళ్ళు కూర్చుని ఆ సాధనాన్ని తయారుచేశారు. లంక సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో రూపొందిన ఆ ప్రోగ్రాముకు వారు పెట్టిన పేరు ‘సహన’. సింహళ భాషలో ఆ మాటకు ఉపశమనమని అర్థం. అంత తక్కువ వ్యవధిలో వారు ఆ పని చేయగలగడానికి కారణం ఉన్నది. పునాది మొదలుకొని అన్నీ తామే కట్టవలసిన అవసరం వారికి కలుగలేదు. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ వంటి సాధనాలు అప్పటికే ప్రపంచంలో ఎవరైనా తీసుకొని, విప్పి చూసి, మార్చుకొని వాడుకొనేందుకు వీలుగా ఉన్నాయి. తాము తయారుచేసినదానిని కూడా వారు అదే షరతుతో లోకానికి ఇచ్చివేశారు. 2005లో పాకిస్తాన్ భూకంపం, 2006లో ఫిలిప్పీన్స్ కొండచరియల ప్రమాదం, అదే సంవత్సరం ఇండోనేషియాలోని యోగ్యకర్త భూకంపం, 2010లో హైతీ భూకంపం – ఆపద వచ్చినచోటికల్లా ‘సహన’ వెళ్ళింది.

సరిగ్గా ఆ డిసెంబరు చివరి వారంలోనే న్యూఢిల్లీలో మరొక పని జరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థకు భారతదేశం ఇచ్చిన మాట ప్రకారం పేటెంటు చట్టాన్ని 2005 జనవరి 1 నాటికి సవరించవలసి ఉన్నది. గడువు దగ్గరపడగా ప్రభుత్వం ఆర్డినెన్సు జారీచేసింది. మందుల పేటెంట్ల గురించి పత్రికలన్నీ రాశాయి. అయితే అదే ఆర్డినెన్సులో కంప్యూటరు ప్రోగ్రాములకు సంబంధించిన ఒక చిన్న సవరణ కూడా ఉన్నదని గమనించినవారు కొద్దిమందే. పరిశ్రమలలో సాంకేతికంగా ప్రయోగించే ప్రోగ్రాములకు, యంత్రంతో జతపడిన ప్రోగ్రాములకు పేటెంటు ఇవ్వడానికి ఆ సవరణ దారి తీసింది.

ఒకవైపు పదిమంది జ్ఞానాన్ని కలిపి ప్రాణాలకు అక్కరకు వచ్చే సాధనం చేయడం, మరొకవైపు ఆ జ్ఞానానికి కంచెలు వేసే వీలు కల్పించడం – ఈ రెండూ ఒకే వారంలో జరగడం కాకతాళీయమే. అయినా ఆ రెంటి మధ్య లాగులాట అప్పటినుండి ఇప్పటివరకు సాగుతూనే ఉన్నది.

ఆవకాయ కొలతలు

సోర్స్ కోడ్ అనే మాట వినగానే అది తమకు సంబంధించినది కాదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వంటింటి విషయమంత సులభం. అంగడిలో ఆవకాయ సీసా కొనుక్కోవచ్చు, తినవచ్చు. కాని ఆవపిండి ఎంత, కారం ఎంత, ఉప్పు ఎంత, నూనె ఏది అన్న కొలతలు తెలియకపోతే మళ్ళీ పెట్టుకోలేము. ఉప్పు ఎక్కువైతే తగ్గించలేము. అందులో ఏమి కలిపారో తేల్చలేము. కంప్యూటరు ప్రోగ్రాముకు ఆ కొలతల కాగితమే సోర్స్ కోడ్. మనిషి చదవగల భాషలో నిపుణుడు రాసిన ఆదేశాలవి. వాటిని యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెలుగా మార్చి, ఆ అంకెలను మాత్రమే అమ్మడం అనేక పెద్ద కంపెనీల పద్ధతి.

ఈ పద్ధతి నచ్చని అమెరికన్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ‘గ్నూ’ ప్రణాళిక ప్రకటించాడు. ఎవరైనా వాడవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. పంచేటప్పుడు మాత్రం అందుకొన్నవారికి కూడా అవే హక్కులు ఇవ్వాలి. ఈ నియమంతో ఆయన 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వెలువరించాడు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాసిన లినక్స్ ఆ లైసెన్సు కిందికి రావడంతో ఉద్యమానికి ఊపు వచ్చింది. ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు 1998లో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ శాఖ 2001లో తిరువనంతపురంలో ప్రారంభమైంది. హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ ఈ భావాన్ని తెలుగు విద్యార్థుల మధ్యకు తీసుకువెళ్ళి, తెలుగులో పనిచేసే లినక్స్‌ను రూపొందించింది.

మర్రకేష్‌లో మొదలైన కథ

వాణిజ్య ఒప్పందానికీ దీనికీ సంబంధమేమిటి? 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మర్రకేష్ నగరంలో వంద దేశాలకు పైగా సంతకాలు చేసిన ఒప్పందాలతో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. వాటిలో ‘ట్రిప్స్’ అనబడే మేధాసంపత్తి ఒప్పందం ఒకటి. కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనగా భావించి కాపీరైటు రక్షణ ఇవ్వాలని దాని పదవ అధికరణం శాసిస్తున్నది. కావ్యం పక్కన కంప్యూటరు ప్రోగ్రాముకు పీట వేసినట్లయింది.

భారతదేశం ప్రోగ్రాములను 1984లోనే కాపీరైటు చట్టం పరిధిలోకి తెచ్చింది. 1994 సవరణతో శిక్షలు కఠినమైనాయి. నకలు ప్రోగ్రామని తెలిసి కూడా వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపార లాభం కోసం వాడలేదని రుజువైతే జైలు శిక్ష లేకుండా వదిలే అధికారం న్యాయస్థానానికి ఉన్నది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించవలసి ఉన్నది. కాపీరైటు గట్టిపడడం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పూర్తిగా నష్టం కలిగించలేదు. జీపీఎల్ లైసెన్సుకు బలం వచ్చేదే కాపీరైటు చట్టం నుండి. ఆ చట్టం లేకపోతే పదిమంది పంచుకొన్నదానిని తీసుకొని తలుపు మూసుకొనేవాడిని ఆపే సాధనం ఉండదు. పైగా దొంగ నకళ్ళు ఉచితంగా దొరికినంతకాలం నిజమైన ఉచిత సాఫ్ట్‌వేర్ వైపు చూడవలసిన అవసరం ఎవరికీ కలుగదు. శిక్ష భయం పుట్టిన తరువాత బడులు, కార్యాలయాలు లైసెన్సు రుసుము లెక్క వేసుకోవడం మొదలుపెట్టాయి. ప్రత్యామ్నాయం ఏమిటన్న ప్రశ్న అప్పుడు వచ్చింది.

పేటెంటు సంగతి వేరు. కాపీరైటు ఒకరు రాసిన మాటలను కాపాడుతుంది. అదే ఆలోచనను మరొకరు సొంత మాటలలో రాసుకోవచ్చు. పేటెంటు ఆ ఆలోచనకే కంచె వేస్తుంది. ప్రతి ప్రతికీ రాయల్టీ కట్టాలంటే, ఎన్ని ప్రతులు తయారైనాయో లెక్కే లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎవరి పేర కడుతుంది? పాటలు వినే ఎంపీ3 పద్ధతిపై కొన్ని దేశాలలో పేటెంట్లు ఉన్న కారణాన, ‘ఫెడోరా’ అనే లినక్స్ పంపిణీ సంవత్సరాల తరబడి పాట వినిపించే సాధనాన్ని తనతో చేర్చుకోలేకపోయింది. పేటెంట్ల గడువు తీరిపోతున్న 2016–17 సంవత్సరాలలో గాని ఆ అడ్డు తొలగలేదు.

ఈ కారణాల వల్లనే 2004 నాటి ఆర్డినెన్సుపై స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదులు, ప్రజా వైజ్ఞానిక ఉద్యమాలు, వామపక్షాలు అభ్యంతరం తెలిపాయి. 2005లో బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు ఆ సవరణను తొలగించారు. ‘కంప్యూటరు ప్రోగ్రాము తనంతట తానుగా’ ఆవిష్కరణ కాదన్న 3(కె) విభాగం యథాతథంగా నిలిచింది. ట్రిప్స్ పై సంతకం చేసిన దేశమే, ఆ ఒప్పందం ఇచ్చిన వెసులుబాటును వాడుకొని ఇలా చేయగలిగింది. ఒప్పందంలోని ప్రతి వాక్యానికీ ఒకే అర్థం ఉండదనడానికి ఇది మంచి ఉదాహరణ. ఆ విభాగానికి పేటెంటు కార్యాలయం చెప్పే భాష్యం మీద మాత్రం తగవు తీరలేదు. 2015 ఆగస్టులో విడుదలైన మార్గదర్శకాలను విమర్శల దృష్ట్యా అదే డిసెంబరులో పక్కన పెట్టి, 2016లో ఒకసారి, 2017లో మరొకసారి సవరించారు.

ఉచితమే నేరమా?

చట్టం ఒక ఎత్తు, ఒత్తిడి మరొక ఎత్తు. మేధాసంపత్తిని సరిగా కాపాడడం లేదని భావించిన దేశాల జాబితాను అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది. ‘స్పెషల్ 301’ నివేదిక అని దాని పేరు. భారతదేశం పేరు అందులో దశాబ్దాలుగా కనిపిస్తున్నది. ఆ నివేదికకు అమెరికా పరిశ్రమల కూటములు సూచనలు పంపుతాయి. 2009లో ఇండోనేషియా ప్రభుత్వం దొంగ నకళ్ళు మాని ఓపెన్ సోర్స్ వాడవలసిందిగా తన కార్యాలయాలకు సలహా ఇస్తూ లేఖ పంపింది. దొంగతనం తగ్గించడానికి ఇంతకంటె సూటియైన మార్గం ఉండదు. అయినా 2010లో అంతర్జాతీయ మేధాసంపత్తి కూటమి ఆ లేఖనే తప్పుపట్టింది. అటువంటి విధానం సాఫ్ట్‌వేర్ పరిశ్రమను బలహీనపరుస్తుందని, మేధాసంపత్తి పట్ల గౌరవం పెంచదని దాని వాదన.

దక్షిణ అమెరికాలోని పెరూలో 2002లో ఇటువంటి చర్చే జరిగింది. ప్రభుత్వ కార్యాలయాలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడాలన్న బిల్లుపై మైక్రోసాఫ్ట్ అభ్యంతరం తెలుపగా, పార్లమెంటు సభ్యుడు ఎడ్గర్ విలనూయెవా సుదీర్ఘమైన జవాబు రాశాడు. పౌరుల సమాచారం ఒకే అమ్మకందారు మీద ఆధారపడరాదని, ప్రభుత్వ లెక్కలను నడిపే సాధనాన్ని ప్రజలు పరిశీలించగలగాలని ఆయన వాదించాడు. ధర తక్కువ అన్నది ఆయన ప్రధాన వాదం కానే కాదు. ఆ లేఖ అనేక భాషలలోకి అనువాదమై ప్రపంచమంతా తిరిగింది.

ఇక రెండు దేశాల మధ్య నేరుగా కుదిరే ఒప్పందాలు ట్రిప్స్ కంటె ఒక అడుగు ముందుకు వేశాయి. అమెరికా 2003లో సింగపూరుతో, చిలీతో చేసుకొన్న ఒప్పందాలలో డిజిటల్ తాళాలను విప్పడాన్ని నిషేధించే నియమాలు చేరాయి. తాళం వేసిన దస్త్రాన్ని తెరిచే స్వేచ్ఛా ప్రోగ్రాము రాయాలంటే ముందు ఆ తాళం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. తెలుసుకోవడమే నేరమైతే ఇక ప్రోగ్రాము ఎలా రాయగలరు? భారత చట్టం ఈ విషయంలో కొంత ఉదారమైనది. ఒక ప్రోగ్రాము మరొకదానితో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం రాబట్టుకోవడాన్ని మన కాపీరైటు చట్టంలోని 52వ విభాగం అనుమతిస్తున్నది.

కొత్త తరం షరతు

గత పదేళ్ళలో వచ్చిన ఒప్పందాలలో మరొక కొత్త నిబంధన ప్రవేశించింది. పసిఫిక్ తీరంలోని 12 దేశాలు 2016 ఫిబ్రవరిలో సంతకం చేసిన ఒప్పందంలో, దిగుమతికి గాని అమ్మకానికి గాని షరతుగా సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్‌ను చూపమని ఏ సభ్యదేశమూ అడగరాదన్న నియమం ఉన్నది. 2017లో అమెరికా తప్పుకొన్నా, మిగిలిన 11 దేశాలు 2018లో అదే నియమంతో ముందుకు సాగాయి. వియత్నాం, మలేషియా, పెరూ, మెక్సికో వంటి వర్ధమాన దేశాలు వాటిలో ఉన్నాయి. 2020 జూలైలో అమలులోకి వచ్చిన అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందం ఈ రక్షణను ప్రోగ్రాములోని గణన పద్ధతులకు కూడా విస్తరించింది.

ఈ నియమం కోరేవారి వాదనను కొట్టిపారవేయడానికి వీలులేదు. ఏళ్ళ తరబడి శ్రమించి రాసిన ప్రోగ్రామును ‘చూపితేనే మా దేశంలో అమ్మనిస్తాము’ అని ఒక ప్రభుత్వం పట్టుపట్టి, ఆ తరువాత దానిని తమ సొంత కంపెనీల చేతికి అందిస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారని వారు అడుగుతారు. ఆ భయం నిరాధారమూ కాదు.

కాని ఎదుటి పక్షాన కూడా బలమైన సాక్ష్యం ఉన్నది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ కార్ల గుట్టు బయటపడింది. పొగ పరీక్ష జరుగుతున్నదని గుర్తించగానే కారులోని ప్రోగ్రాము పొగను అదుపులో పెట్టేది. రోడ్డు మీదికి రాగానే వదిలివేసేది. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల వాహనాలలో ఆ ప్రోగ్రాము ఉన్నట్లు కంపెనీయే అంగీకరించింది. భారతదేశంలో మూడు లక్షలకు పైగా వాహనాలను వెనక్కు పిలవవలసివచ్చింది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కళ్ళతో చూసి, ముక్కుతో వాసన చూసి పట్టుకోగల మోసం కాదు అది; రాతలో దాగిన మోసం. నేడు విద్యుత్ మీటరు, ఆసుపత్రి పరికరం, బ్యాంకు లెక్క, రుణం ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం – అన్నీ అటువంటి రాతల మీదనే నడుస్తున్నాయి.

మరి ఈ నియమం ఓపెన్ సోర్స్‌ను నిషేధిస్తుందా? సూటిగా చెప్పాలంటే, నిషేధించదు. పసిఫిక్ ఒప్పందంలో వ్యాపార కాంట్రాక్టులలోని సోర్స్ కోడ్ షరతులకు మినహాయింపు ఉన్నది. జీపీఎల్ వంటి లైసెన్సులకు అది కొంత రక్షణ. ప్రభుత్వ కొనుగోళ్ళకు కూడా ఆ అధ్యాయం వర్తించదు. అయితే రేపు ఒక ప్రభుత్వం ‘మా దేశంలో అమ్మే ఇంటర్నెట్ పరికరాలలోని ప్రోగ్రామును ఎవరైనా పరీక్షించి సరిదిద్దుకొనేందుకు వీలుండాలి’ అని చట్టం చేయదలిస్తే ఈ నియమం అడ్డు రావచ్చు. ఇప్పుడు అవసరం కనిపించని అధికారాన్ని ముందుగానే వదులుకోవడమే ఇందులోని చిక్కు.

ఈ నియమాన్ని ప్రపంచమంతటికీ ప్రచారం చేసిన అమెరికాయే 2023 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చలలో దానికి మద్దతు ఉపసంహరించుకొన్నది. తమ దేశంలోనే పెద్ద సాంకేతిక కంపెనీలను నియంత్రించే చట్టాలు చేయడానికి వెసులుబాటు కావాలన్నది అందుకు చెప్పిన కారణం.

భారతదేశం నిలిచిన చోటు

ఈ విషయంలో భారతదేశం చాలాకాలం జాగ్రత్తగా అడుగులు వేసింది. 2019 జనవరిలో కొన్ని దేశాలు ప్రారంభించిన ఎలక్ట్రానిక్ వాణిజ్య చర్చలలో చేరలేదు. అదే సంవత్సరం నవంబరులో ఆసియా దేశాల ఆర్‌సెప్ ఒప్పందం నుండి వైదొలగింది. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన విధానం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు టెండర్లు పిలిచేటప్పుడు ఓపెన్ సోర్స్‌ను కూడా పరిశీలించాలి. కాదన్నప్పుడు కారణం చూపాలి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు అంతకు ఎంతో ముందే ఆ దారి పట్టాయి. రెండు లక్షల కంప్యూటర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడడం వల్ల 3,000 కోట్ల రూపాయలు ఆదా అవుతాయని అక్కడి ‘కైట్’ సంస్థ 2019లో అంచనా వేసింది.

2025 జూలై 24న భారత్, బ్రిటన్‌లు సంతకం చేసిన సమగ్ర వాణిజ్య ఒప్పందంలో సోర్స్ కోడ్ నిబంధన చోటు చేసుకొన్నది. భారతదేశం ఇటువంటి హామీ ఇవ్వడం ఇదే మొదటిసారి అని వాణిజ్య విశ్లేషకులు గుర్తించారు. నియంత్రణ సంస్థల విచారణల వంటి సందర్భాలకు మినహాయింపులున్నాయి. అవి చాలినంత విశాలమైనవా కావా అన్నదే చర్చ. విస్కీ మీద, కార్ల మీద సుంకాలు ఎంత తగ్గుతాయన్న వార్తలు మొదటి పేజీలలో వచ్చినంతగా ఈ నిబంధన గురించిన వార్తలు రాలేదు. సుంకం తరువాత పెంచుకోవచ్చునేమో గాని, చూసే హక్కును ఒకసారి వదులుకొంటే తిరిగి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

దీవిలో లెక్క

పోర్ట్ బ్లెయిర్ నగర పరిసరాలలోని ఆస్టినాబాద్‌లో నిలబడి చూస్తే ఈ పెద్ద విషయాలు చిన్న రూపంలో కనిపిస్తాయి. (2024 సెప్టెంబరులో ఆ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు.) 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుండి బతుకుతెరువు కోసం సముద్రం దాటి వెళ్ళిన కుటుంబాలు వారిలో ఎన్నో.

2020 వరకు ఈ దీవులకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగానే ప్రధానంగా అందేది. వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుండి సముద్రగర్భంలో వేసిన, సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబులు ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి దీవులు కూడా దానితో ముడిపడ్డాయి.

ఇటువంటి చోట లైసెన్సు స్వభావమే పెద్ద తేడా తెస్తుంది. ఆస్టినాబాద్ వంటి ఊళ్ళో ఒక బడికో, చేపలు పట్టేవారి సహకార సంఘానికో కంప్యూటరు వచ్చిందనుకొందాము. మూసిన సాఫ్ట్‌వేర్ అయితే ప్రతి యంత్రానికీ వేరే రుసుము. ఇంటర్నెట్ ద్వారా కంపెనీ అనుమతి తెచ్చుకోవాలి. లోపం వస్తే సముద్రం అవతలి కంపెనీయే సరిచేయాలి. ఓపెన్ సోర్స్ అయితే ఒక్క ప్రతి ఓడలో వచ్చినా చాలు. దానిని పది యంత్రాలలోకి ఎక్కించుకొంటే చట్టం తప్పు పట్టదు సరికదా, లైసెన్సే అందుకు అనుమతి ఇస్తుంది. లోపాన్ని సరిచేసేవాడు ఊళ్ళోనే ఉండవచ్చు. అయితే అటువంటివాడు ఉండాలంటే శిక్షణ కావాలి. శిక్షణ ఉచితంగా రాదు. ఓపెన్ సోర్స్ అంటే ఖర్చే లేదనుకోవడం పొరపాటు. విదేశీ లైసెన్సుకు పోయే డబ్బు స్థానికుడి జీతంగా మారుతుందన్నదే అసలు లాభం.

భాష సంగతి కూడా ఇటువంటిదే. ఏ కంపెనీ అయినా కొనేవారి సంఖ్య చూసుకొని గాని ఒక భాషలోకి దిగదు. తెలుగు అక్షరాలు కంప్యూటరులో సరిగా కనిపించని రోజులలో తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ అక్షరరూపాలు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడి ఎవరి అనుమతీ లేకుండా లినక్స్‌లో చేరగలిగాయి. అదే కాలంలో ముద్రణాలయాలలో వాడిన అనేక ప్రత్యేక అక్షర పద్ధతులు ఒకదానికొకటి పొసగక, ఒకచోట కూర్చిన పుస్తకం మరొకచోట అర్థంకాని గీతలుగా కనిపించేది. తెరిచిన ప్రమాణం ఎందుకు కావాలో తెలుగు ప్రచురణకర్తలకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. తెలుగుకే ఇంత కష్టమైతే, కొన్ని వేలమంది మాత్రమే మాట్లాడే నికోబారీ భాషలకు ఏ వ్యాపార సంస్థ మెనూ రాస్తుంది? సోర్స్ కోడ్ చేతికి వస్తే ఆ భాషవారే రాసుకోగలరు.

వాణిజ్య ఒప్పందాలు చెడ్డవని ఈ విషయాల వల్ల తేలదు. 1997లో సమాచార సాంకేతిక ఒప్పందంలో భారతదేశం చేరడంతో కంప్యూటర్ల మీద సుంకాలు క్రమంగా తగ్గి, అవి సామాన్యుడి ఇంటికి రాగలిగాయి. మరొకవైపు మన దేశంలో వాటిని తయారుచేసే పరిశ్రమ దెబ్బతిన్నదన్న విమర్శ కూడా ఉన్నది. ప్రతి ఒప్పందంలోనూ ఇచ్చేదీ ఉంటుంది, పుచ్చుకొనేదీ ఉంటుంది. ఇస్తున్నదేమిటో ఇచ్చేముందు తెలియాలన్నదే ముఖ్యం. 2005లో పార్లమెంటు ఒక చిన్న సవరణను తిప్పికొట్టగలిగిందంటే, దానిని ముందుగా చదివి, అర్థం చేసుకొని, నలుగురికీ చెప్పినవారు ఉండడమే కారణం. చాలా ఒప్పందాల ముసాయిదాలు సంతకాలు పూర్తయ్యేవరకు ప్రజలకు కనిపించవు. వాటిని సంతకానికి ముందే పార్లమెంటులో చర్చకు పెట్టడానికి ఏ విదేశీ అనుమతీ అక్కరలేదు. అది మన చేతిలో ఉన్న పనే.